అడవిలో చోటుకు చిరునామా: పటంలో గడుల లెక్క



పట్నంలో ఇంటికి నంబరు ఉంటుంది, వీధికి పేరు ఉంటుంది. మన గూడేలకు పిన్‌కోడు ఉన్నా అది పోస్టాఫీసు దాకానే తీసుకుపోతుంది. అక్కణ్ణుంచి గూడెం ఎటో, గూడెం నుంచి చేను ఎటో, తునికాకు కల్లం ఎక్కడో తెలిసినోడు చెప్తేనే తెలుస్తుంది. ఆ తెలిసినోడు పక్కన లేనప్పుడు చోటును ఎట్లా చెప్పాలి? ఈ నెల మన గోడ పత్రికలో నేను రాస్తున్న పాఠం అదే. సోషల్ పుస్తకంలో ఇది రెండు పేజీల్లో అయిపోతుంది. పరీక్షలో రెండు మార్కులు వస్తాయి. కానీ బయట దీని విలువ రెండు మార్కులు కాదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

1. తాతల లెక్క తక్కువది కాదు

మా తాతకు పటం చూడటం రాదు. చేను ఎక్కడ అంటే ఆయన చెప్పే తీరు ఇది: "వాగు దాటినంక పెద్ద ఇప్పచెట్టు ఉంటది, దాని ఎడమ చేతి గుట్ట కింద." ఈ లెక్కలో మూడు విషయాలున్నాయి. మొదటిది, ఎక్కడ మొదలుపెట్టాలి. రెండోది, ఎటు పోవాలి. మూడోది, ఎక్కడ ఆగాలి. పటంలో గడుల లెక్కలో కూడా ఇవే మూడు ఉంటాయి. తేడా ఒక్కటే. ఇప్పచెట్టు ఏదో తెలియనివాడికి తాత మాట అర్థం కాదు. గడి సంఖ్య మాత్రం ఢిల్లీలో కూర్చున్నవాడికీ అర్థమవుతుంది.

ఇంకో సంగతి. మన చోటు పేర్లు మారుతూ వచ్చాయి. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. భద్రాచలం వైపు అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాని మండలంలోని మిగతా ఊళ్ళు అటు పోయాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. ఒకే ఇంట్లో కూర్చున్న ముసలామె మూడు నాలుగు చిరునామాలు చూసిందన్నమాట. ఆమె ఇంటి అక్షాంశం, రేఖాంశం మాత్రం మారలేదు.

2. భూమి మీద గీతలు

అక్షాంశాలు అడ్డగీతలు. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి ఎన్ని డిగ్రీలో చెప్తాయి. రేఖాంశాలు నిలువుగీతలు. గ్రీనిచ్ నుంచి తూర్పుకు ఎన్ని డిగ్రీలో చెప్తాయి. ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక నిమిషానికి 60 సెకన్లు. ఇవి గడియారం నిమిషాలు కావు, దూరం చెప్పేవి. ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. ఒక సెకను అంటే సుమారు 31 మీటర్లు.

భద్రాచలం సుమారుగా 17 డిగ్రీల 40 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 53 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకోండి, కింద పని పడుతుంది.

3. మన పటం నంబరు ఎట్లా కనుక్కోవాలి?

మన దేశానికి పటాలు గీసేది సర్వే ఆఫ్ ఇండియా. 1767లో మొదలైంది, ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. వాళ్ళ స్థలాకృతి పటాన్నే టోపోషీటు అంటారు. దాని నంబరు లాటరీ నంబరు లాంటిది కాదు, దానికో లెక్క ఉంది.

మొదట దేశాన్ని 4 డిగ్రీల వెడల్పు, 4 డిగ్రీల ఎత్తు ఉన్న పెద్ద గడులుగా కోశారు. మన గడి నంబరు 65. అది 80 నుంచి 84 డిగ్రీల రేఖాంశం వరకు, 16 నుంచి 20 డిగ్రీల అక్షాంశం వరకు ఉంటుంది. దాన్ని మళ్ళీ ఒక్కో డిగ్రీ చొప్పున 16 గడులు చేసి ఎ నుంచి పి వరకు అక్షరాలిచ్చారు. ఎడమ పక్క వరుసలో పైనుంచి కిందికి ఎ, బి, సి, డి. తర్వాత పక్క వరుస మళ్ళీ పైనుంచి మొదలవుతుంది. భద్రాచలం 80, 81 రేఖాంశాల మధ్య, 17, 18 అక్షాంశాల మధ్య ఉంది. మొదటి వరుసలో మూడోది, అంటే 65 సి.

ఇప్పుడు 65 సి ని కూడా 16 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క 15 నిమిషాలు. మళ్ళీ అదే పద్ధతి, పైనుంచి కిందికి 1, 2, 3, 4, పక్క వరుస 5, 6, 7, 8. భద్రాచలం రేఖాంశంలో 53 నిమిషాలు, అంటే 45కు, 60కి మధ్య, నాలుగో వరుస. ఆ వరుసలో 13, 14, 15, 16 ఉంటాయి. అక్షాంశంలో 40 నిమిషాలు, అంటే 30కి, 45కు మధ్య, పైనుంచి రెండోది. కాబట్టి భద్రాచలం పటం 65 సి/14. ఖమ్మం పట్టణం 17 డిగ్రీల 15 నిమిషాల గీత మీదే ఉన్నట్టు ఉంది కాబట్టి అక్కడివాళ్ళు 65 సి/3, 65 సి/4 రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఈ పటం స్కేలు 1:50,000. అంటే పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. మన వైపు ఒక పటం తూర్పు పడమరలుగా సుమారు 26 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా సుమారు 27 కిలోమీటర్ల పైన నేలను చూపిస్తుంది. నీలం నీళ్ళకు, ఆకుపచ్చ అడవికి, పసుపు సాగు నేలకు, ఎరుపు రోడ్లకు, ఇళ్ళకు, గోధుమ రంగు సమోన్నత రేఖలకు. పటం తెరవగానే ముందు రంగులు చూడండి, తర్వాత పేర్లు.

4. గడి సంఖ్య చదవడం

డిగ్రీలు నిమిషాలతో దూరం లెక్క కట్టడం కష్టం. అందుకని పటం మీద కిలోమీటరుకు ఒకటి చొప్పున నిలువు గీతలు, అడ్డ గీతలు గీస్తారు. ప్రతి గీతకు రెండంకెల నంబరు ఉంటుంది. నిలువు గీతల నంబర్లు ఎడమ నుంచి కుడికి (తూర్పుకు) పెరుగుతాయి. అడ్డ గీతల నంబర్లు కింద నుంచి పైకి (ఉత్తరానికి) పెరుగుతాయి.

పొద్దున ప్రార్థనలో మనం నిలబడే తీరు గుర్తు చేసుకోండి. "అయిదో లైను, మూడో పిల్లగాడు" అంటే పీఈటీ సారుకు ఎవరో తెలిసిపోతుంది. ముందు లైను, తర్వాత లైనులో ఎన్నోవాడు. ఇక్కడా అంతే.

నియమం ఒక్కటే: ముందు తూర్పు, తర్వాత ఉత్తరం. నేను గుర్తు పెట్టుకున్న తీరు చెప్తాను: ముందు చేలో నడవాలి, తర్వాత మంచె ఎక్కాలి. నడవకుండా మంచె ఎక్కలేం గదా!

గడికి పేరు దాని ఎడమ పక్క నిలువు గీత, కింది అడ్డ గీత ఇస్తాయి. నిలువు గీత 32, అడ్డ గీత 61 అయితే ఆ గడి 3261. ఇది నాలుగంకెల సంఖ్య. ఇది ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు ఉన్న చదరాన్ని చూపిస్తుంది. అంటే దాదాపు 247 ఎకరాలు. అందులో మనిషిని వెతకడం కష్టమే.

అందుకని గడిని మనసులో పది భాగాలు చేస్తాం. నిలువు గీత దాటి ఎన్నో భాగమో రాస్తాం, అడ్డ గీత దాటి ఎన్నో భాగమో రాస్తాం. అప్పుడు ఆరంకెల సంఖ్య వస్తుంది. ఇది 100 మీటర్ల చదరం, అంటే ఒక హెక్టారు, రెండున్నర ఎకరాల లోపు. ఒక పోడు చేను అంత. పిలిస్తే పలికే దూరం.

పది భాగాలు కంటితో చూడటం కష్టమైతే పోస్టుకార్డు తీసుకోండి. ఒక మూల నుంచి రెండు అంచుల మీద 2 మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున పది గీతలు పెట్టండి. ఒక్కో గీత 100 మీటర్లు. కార్డు మూలను మీ చోటు మీద పెట్టి, అంచులు ఎడమకు, కిందికి ఉండేట్టు ఆనించి చదవండి. ఖర్చు లేని పరికరం.

5. చేసి చూద్దాం

నోటుబుక్కులో 10 సెం.మీ. చదరం గీయండి. 2 సెం.మీ. చొప్పున అయిదు గడులు అడ్డంగా, అయిదు నిలువుగా వస్తాయి. నిలువు గీతలకు ఎడమ నుంచి 30, 31, 32, 33, 34, 35 అని, అడ్డ గీతలకు కింద నుంచి 60, 61, 62, 63, 64, 65 అని రాయండి. ఇది ఊహా పటం, నిజం ఊరు కాదు.

బడి 325612 దగ్గర ఉంది. మొదటి మూడంకెలు 325, అంటే 32వ నిలువు గీత దాటి అయిదు భాగాలు, సరిగ్గా సగం. తర్వాత 612, అంటే 61వ అడ్డ గీత పైన రెండు భాగాలు. చుక్క పెట్టండి.

ఇప్పచెట్టు 347638 దగ్గర ఉంది. 34 దాటి ఏడు భాగాలు, 63 పైన ఎనిమిది భాగాలు. చుక్క పెట్టండి.

బడి నుంచి చెట్టుకు ఎంత దూరం? తూర్పుకు 34.7 లోంచి 32.5 తీసేస్తే 2.2 కి.మీ. ఉత్తరానికి 63.8 లోంచి 61.2 తీసేస్తే 2.6 కి.మీ. లెక్కల సారు చెప్పిన పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. 2.2 వర్గం 4.84, 2.6 వర్గం 6.76, మొత్తం 11.6. వర్గమూలం సుమారు 3.4 కి.మీ. స్కేలు పెట్టి కొలిస్తే 6.8 సెం.మీ. రావాలి, చూసుకోండి. కోణమానినితో ఉత్తరం నుంచి కొలిస్తే దాదాపు 40 డిగ్రీలు వస్తుంది, అంటే ఈశాన్యం కంటే కొంచెం ఉత్తరానికి. ఇది పక్షి పోయే దూరం. మన కాళ్ళకు వాగులు, గుట్టలు అడ్డం వస్తాయి కాబట్టి నడక ఇంకా ఎక్కువే ఉంటుంది.

6. మన భద్రాచలం గడి సంఖ్య

ఇప్పటి కొత్త పటాల్లో, ఫోన్లలో వాడే గడుల పద్ధతి పేరు యూటీఎం. ప్రపంచాన్ని 6 డిగ్రీల చొప్పున 60 పట్టీలు చేశారు. మనది 44వ పట్టీ, 78 నుంచి 84 డిగ్రీల వరకు. దాని నడిమి గీత 81వ రేఖాంశం. ఆ గీతకు 5,00,000 మీటర్లు అని పేరు పెట్టారు, ఎడమకు పోయినా రుణ సంఖ్య రాకూడదని. ఉత్తరం లెక్క భూమధ్యరేఖ నుంచి మొదలవుతుంది.

పైన గుర్తు పెట్టుకోమన్న చోటు (17 డిగ్రీల 40 నిమిషాలు, 80 డిగ్రీల 53 నిమిషాలు) ఈ లెక్కలో సుమారు 4,87,600 మీటర్ల తూర్పు, 19,53,300 మీటర్ల ఉత్తరం. అందులోంచి ఆరంకెల సంఖ్య తీస్తే 876533. చూశారా, 81వ రేఖాంశం భద్రాచలానికి తూర్పున 12 కిలోమీటర్ల పైన పోతుంది. నడిమి గీతకు దగ్గరగా ఉన్నచోట పటం మీది గీతల ఉత్తరానికీ, అసలు ఉత్తరానికీ తేడా దాదాపు ఉండదు. దిక్సూచి చూపే ఉత్తరానికి కూడా మన వైపు తేడా చాలా స్వల్పం. ఈ విషయంలో మనం అదృష్టవంతులం.

7. మూడు చోట్ల జాగ్రత్త

ఒకటి. గడి సంఖ్యలో తూర్పు ముందు. అక్షాంశ రేఖాంశాలు రాసేటప్పుడు మాత్రం ఉత్తరం ముందు. ఫోను 17 తో మొదలుపెట్టి చూపిస్తే అది అక్షాంశం. ఏది ఏదో చెప్పకుండా అంకెలు మాత్రమే పంపితే అవతలివాడు తికమక పడతాడు.

రెండు. 17 డిగ్రీల 40 నిమిషాలు, 17.40 ఒకటి కావు. 40 నిమిషాలంటే డిగ్రీలో మూడింట రెండు వంతులు, కాబట్టి 17.667 అని రాయాలి. 17.40 అని రాస్తే దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి పోతాం. వచ్చే బండి అక్కడికే పోతుంది.

మూడు. పాత పటం, కొత్త ఫోను ఒకే మాట చెప్పవు. దీని వెనక పెద్ద కథే ఉంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు నుంచి దేశాన్ని త్రిభుజాలతో కొలవడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పని చేసిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా, గోదావరి నదుల నడిమి అడవుల్లో, అంటే మన వైపే, వానాకాలంలో సర్వే చేశాడు. జ్వరాలు పట్టుకున్నాయి. ఆయనా పడ్డాడు, ఆయన మనుషులూ చాలామంది పడ్డారు, కొందరు చనిపోయారు. కోలుకోవడానికి ఆయన 1820లో ఆఫ్రికా దక్షిణపు కొనకు పోవలసి వచ్చింది. 1865లో ప్రపంచంలో ఎత్తైన శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ఆ కొలతలు మోసిన కూలీల పేర్లు మాత్రం ఏ శిఖరానికీ లేవు.

భూమి ఆకారం ఇంత అని 1830లో ఎవరెస్ట్ వేసిన లెక్క మీదనే మన పాత టోపోషీట్లు గీశారు. ఫోనులోని జీపీఎస్ వాడేది వేరే లెక్క, డబ్ల్యూజీఎస్ 84. ఒకే చెట్టుకు ఈ రెండు లెక్కల్లో వచ్చే అంకెలకు మన దగ్గర వంద నుంచి రెండు వందల మీటర్ల తేడా రావచ్చు. చదరపు ఆకారంలో ఉన్న ఎకరం చేనుకు ఒక పక్క సుమారు 64 మీటర్లు. అంటే మూడు చేల అవతలికి జరిగినట్టు! చేను అడవి హద్దు పక్కనే ఉంటే ఈ తేడా ఎంత పని చేస్తుందో ఆలోచించండి. అందుకే పటం అంచున ఏ లెక్క వాడారో రాసి ఉంటుంది, అది ముందు చదవాలి. 2005 జాతీయ పటాల విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి.

8. పరికరం లేకపోతే దిక్కు ఎట్లా?

రాత్రి ధ్రువ నక్షత్రం ఉత్తరం చూపిస్తుంది. అది ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మన అక్షాంశం సుమారుగా అంతే. చెయ్యి చాచి పిడికిలి పడితే దాదాపు 10 డిగ్రీలు. మన దగ్గర ధ్రువ నక్షత్రం రెండు పిడికిళ్ళ కంటే కొంచెం తక్కువ ఎత్తులో ఉండాలి. హాస్టల్ డాబా మీద చూడండి, సరిపోతుంది.

పగలు మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని అంటారు. అది ఏడాది పొడుగునా నిజం కాదు. మన అక్షాంశంలో మే రెండో వారం నుంచి జులై నెలాఖరు వరకు మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. తునికాకు పోయినవాళ్ళు మేలో నీడను నమ్మకూడదు.

9. గోదావరి నీళ్ళు, గోధుమ రంగు గీతలు

సమోన్నత రేఖ అంటే సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. 1:50,000 పటంలో 20 మీటర్లకు ఒకటి ఉంటుంది. గీతలు దగ్గరగా ఉంటే నిటారు గుట్ట, దూరంగా ఉంటే చదును. వాగు దగ్గర గీతలు మొనదేలి వాగు పుట్టిన వైపు చూస్తాయి.

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఈ అడుగులు సముద్ర మట్టం నుంచి కావు. 53 అడుగులంటే సముద్ర మట్టం నుంచి 48.77 మీటర్లు. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులంటే 55.66 మీటర్లు. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. అంటే భద్రాచలం చుట్టుపక్కల ఇల్లు 60 మీటర్ల గీతకు పైన ఉంటే 1986 అంత వరద వచ్చినా నీళ్ళు అందవు. 40కి, 60కి మధ్య ఉంటే పటం ఒక్కటే చూసి ధైర్యం చెప్పుకోకూడదు. నది ఎగువన ఈ ఎత్తులు వేరు, కాబట్టి ఈ లెక్క భద్రాచలం దగ్గరికే.

10. చేను కొలిచిన లెక్క

మొన్న సెలవుల్లో మా మామ ఫోనులో యూటీఎం పెట్టి మా పోడు చేను నాలుగు మూలల దగ్గర నిలబడి అంకెలు రాసుకున్నాను. చివరి మూడంకెలు మాత్రమే తీసుకుంటే మూలలు ఇవి: తూర్పు 120 ఉత్తరం 300, తూర్పు 280 ఉత్తరం 300, తూర్పు 280 ఉత్తరం 420, తూర్పు 120 ఉత్తరం 400.

గ్రాఫు పేపరు మీద 1 సెం.మీ.కు 20 మీటర్లు తీసుకున్నాను. ఒక సెం.మీ. గడి 400 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి పది గడులు దాదాపు ఒక ఎకరం. ఈ లెక్క నోటికి పట్టుకోండి: పది గడులు ఎకరం. మా చేను 44 గడులు వచ్చింది. అంటే 17,600 చదరపు మీటర్లు, 4 ఎకరాల 14 కుంటలు. తాత ఎప్పుడూ చెప్పేది "నాలుగెకరాల పైన". మా దగ్గరున్న కాగితంలో 3 ఎకరాల 10 కుంటలు అని ఉంది.

ఫోనులో అయిదు, పది మీటర్ల తేడా ఉంటుందని నాకు తెలుసు. ఆ తేడా వల్ల కొన్ని కుంటలు అటూ ఇటూ కావచ్చు. ఎకరం మాయం కాదు. మామ ఆ గ్రాఫు పేపరు జతచేసి, మళ్ళీ కొలవమని గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి అర్జీ పెట్టాడు. ఇంకా జవాబు రాలేదు.

ఇక్కడ చట్టం ఏం చెప్తుందో తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 కన్నా ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు, నిజంగా సాగు చేస్తున్నంత మేర, 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తారు. దావాకు పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, రాతపూర్వకంగా ఉండాలి. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా వాడవచ్చు గాని, వాటి బదులుగా వాడకూడదని 2012 సవరణ నిబంధనల్లో ఉంది. పట్టా నమూనాలో హద్దులను ముఖ్యమైన గుర్తులతో రాయడానికి చోటు ఉంది. అంటే తాత ఇప్పచెట్టూ చెల్లుతుంది, నా గ్రాఫు పేపరూ తోడు వస్తుంది. రెండూ ఉంటే బలం.

11. ఆపద వస్తే

పాము కరిచినా, కాన్పు నొప్పులు వచ్చినా 108కి ఫోన్ చేస్తాం. "అడవిలో వాగు దగ్గర" అంటే ఎన్ని వాగులు! ఈ వరుసలో చెప్పండి:

1. మండలం, గ్రామం, గూడెం పేరు.
2. "అక్షాంశం" అని పలికి అంకెలు, "రేఖాంశం" అని పలికి అంకెలు. చుక్క తర్వాత నాలుగు అంకెలు చాలు, అది సుమారు 11 మీటర్ల లెక్క.
3. బండి ఎక్కడిదాకా వస్తుందో ఆ చోటు. రోగిని డోలీలో అక్కడికి తెస్తున్నామా, ఎంతసేపట్లో తెస్తాం.
4. అవతలివాళ్ళతో అంకెలు తిరిగి చదివించుకోవాలి.

సిగ్నల్ లేకపోయినా ఫోనులో జీపీఎస్ పని చేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. చోటు దగ్గర అంకెలు చేతి మీదో, ఆకు మీదో రాసుకుని, సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కి చెప్పాలి. గుట్ట మీద అంకెలు తీస్తే గుట్ట చిరునామా వస్తుంది, రోగిది రాదు.

12. వార్డెన్ గారికి మనవి

సార్, మన హాస్టల్లో చాలా గూడేల పిల్లలున్నారు. ఒక రిజిస్టరు పెట్టి ప్రతి పిల్లవాడి గూడెం పేరు, అక్షాంశం, రేఖాంశం, బండి వచ్చే ఆఖరి చోటు, దాటవలసిన వాగు రాయించండి. సెలవులకు పోయినప్పుడు ఇంట్లో ఎవరి ఫోనులోనైనా చూసి రాసుకు వస్తాం. ఒక కాపీ ఆఫీసు గదిలో, ఒక కాపీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే రాత్రిపూట వెతుక్కునే పని తప్పుతుంది. రిజిస్టరు గీతలు కొట్టే పని మా తొమ్మిదో తరగతి చేస్తుంది. 65 సి/14 పటం ఒకటి తెప్పించి లైబ్రరీ గోడకు పెట్టించగలరని కూడా కోరుతున్నాం.

అభ్యాసం

1. మన ఊహా పటంలో 314643 ఏ నాలుగంకెల గడిలో ఉంది?
2. బడి 325612, బావి 305612. బడి నుంచి బావి ఎటు, ఎంత దూరం?
3. కొత్తగూడెం సుమారు 17 డిగ్రీల 33 నిమిషాలు, 80 డిగ్రీల 37 నిమిషాల దగ్గర ఉంది. టోపోషీటు నంబరు ఎంత?
4. 1 సెం.మీ.కు 20 మీటర్ల స్కేలులో చేను 30 గడులు వచ్చింది. సుమారు ఎన్ని ఎకరాలు?

జవాబులు (ముందు చేసి, తర్వాత చూడండి): 1. గడి 3164. 2. సరిగ్గా పడమర, 2 కి.మీ. 3. 65 సి/10. 4. దాదాపు 3 ఎకరాలు.

సందేహాలుంటే సాయంత్రం స్టడీ అవర్‌లో మా గదికి రండి. పోస్టుకార్డు వెంట తెచ్చుకోండి.

మీ తోటి విద్యార్థి,
9వ తరగతి